నలభై దాటిన తరువాత కొత్త బ్యాండు

పుదుచ్చేరికి పడమట, విళుప్పురం పోయే దారిలో, సుమారు పది కిలోమీటర్ల దూరాన విల్లియనూరు అనే ఊరున్నది. అక్కడి తిరుకామేశ్వరస్వామి ఆలయంలో అమ్మవారి పేరు కోకిలాంబిక. ఏటా వేసవిలో జరిగే రథోత్సవానికి ఒక విశేషమున్నది. ఫ్రెంచివారి ఏలుబడిలో వారి గవర్నరు వచ్చి రథం తాడు పట్టేవాడు. ఆ ఆనవాయితీ లెఫ్టినెంటు గవర్నరుల చేతి మీదుగా నేటికీ సాగుతున్నది. తాడు పట్టిన వందలాది చేతులలో ఎవరి బలమెంతో ఎవరూ లెక్క కట్టరు. రథం కదిలితే అందరూ కదిపినట్టే.

కాని దేవుని ముందు నడిచే మేళం సంగతి అలా కాదు. మేళానికి నాయకుడుంటాడు. జంట నాదస్వరాలు, జంట డోళ్ళు, శ్రుతి, తాళం – ఇందరు కలిస్తే గాని మేళం కాదు. అయినా పేరు మాత్రం ఒక్కరిదే. మన కరవది గ్రామంలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, దక్షిణదేశాన్ని తన నాదస్వరంతో ముంచెత్తిన షేక్ చినమౌలానా గారి కచేరీకి పోయినవారు "మౌలానా గారి కచేరీకి వెళ్ళాం" అన్నారే గాని, ఆయన పక్కన డోలు వాయించిన విద్వాంసుని పేరు చెప్పుకోవడం అరుదు. గాత్ర కచేరీలోనూ ఇదే వరుస. "పక్కవాద్యం" అన్న మాటలోనే మధ్య ఎవరు కూర్చున్నారో, పక్కన ఎవరు కూర్చున్నారో తేలిపోతున్నది.

పశ్చిమాన పుట్టిన రాక్ బ్యాండు ఈ వరుసను తలకిందులు చేసింది. నలుగురో అయిదుగురో కలిసి, వారిలో ఎవరిదీ కాని ఒక పేరు పెట్టుకొంటారు. ఆ పేరే పాడుతుంది, ఆ పేరే వాయిస్తుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఇది తేలికైన పని. పోగొట్టుకోవడానికి అప్పటికి ఎవరికీ పేరుండదు గదా! అదే పని నలభై, యాభై ఏళ్ళ వారు తలపెడితే ఏమవుతుంది? ఇరవై ఏళ్ళుగా ఒకే నగరంలో వేరువేరు బృందాలలో వాయించి, తలా ఒక పేరు, తలా ఒక పద్ధతి, తలా ఒక మొండితనం సంపాదించుకొన్నవారు ఒక గదిలో చేరి, "ఇక మనమంతా కలిసి ఒక కొత్త బ్యాండు" అని నిశ్చయించుకొంటే? ఇలాంటి వార్త అప్పుడప్పుడు ఏదో ఒక నగరం నుండి వస్తూనే ఉంటుంది. చదివినవారు చిన్నగా నవ్వుకొని పుట తిప్పేస్తారు. వయసు మళ్ళినవారి ముచ్చట అనుకొంటారు. అది అంత తేలికగా తీసిపారవేయవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. పాత బ్యాండు సాగిపోవడం వేరు, ఆగిపోయినది తిరిగి కలవడం వేరు, కొత్తది పుట్టడం వేరు. 1962లో లండనులో మొదలైన రోలింగ్ స్టోన్స్ 2023లో కూడా కొత్త పాటల సంపుటి వెలువరించింది. అప్పటికి గాయకుడు మిక్ జాగర్‌కు ఎనభై ఏళ్ళు. అది దీర్ఘాయుర్దాయం. మన బొంబాయిలో 1984లో రాక్ మెషీన్‌గా పుట్టి, 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకొని, 1997లో చెదిరిపోయిన బృందం 2010లో మళ్ళీ కూడింది. గాయకుడు ఉదయ్ బెనగల్, గిటారిస్టు మహేశ్ తినైకర్ వంటి పాతవారి పక్కన తరువాతి తరం వాద్యకారులు చేరారు. 2012లో కొత్త సంపుటి వచ్చింది. దీనిని పునస్సమాగమం అనవచ్చు. ఈ రెండింటిలోనూ వెనుక ఒక పాత పేరున్నది, ఆ పేరును ఎరిగిన శ్రోతలున్నారు. మూడవది మాత్రం శూన్యం నుండి మొదలుకావాలి.

అందుకు లోకమెరిగిన ఉదాహరణ 1988లో అమెరికాలో జరిగింది. బాబ్ డిలన్, జార్జ్ హారిసన్, రాయ్ ఆర్బిసన్, టామ్ పెటీ, జెఫ్ లిన్ – ఒక్కొక్కరూ ఒక్కొక్క సంస్థ వంటివారు. హారిసన్ తన రికార్డుకు అనుబంధంగా ఒక చిన్న పాట కావాలని డిలన్ ఇంటి గ్యారేజీలో అందరినీ కూర్చోబెడితే, ఆ పాట కాస్తా ఒక బ్యాండుకు కారణమైంది. నన్ను ఆకర్షించిన సంగతి వారి పాట కాదు, వారు పెట్టుకొన్న పేర్లు. అయిదుగురూ తమ అసలు పేర్లు వదిలిపెట్టి, విల్‌బరీ అనే ఇంటిపేరు తగిలించుకొని, ఒక కల్పిత కుటుంబపు సోదరులుగా తొడుగు మీద కనిపించారు. దానిని వినోదమనే అందరూ అనుకొన్నారు. నాకు మాత్రం అది ఒక అవసరంగా తోస్తుంది. డిలన్ డిలన్‌గా ఉన్నంతకాలం పక్కవాడు పక్కవాద్యమే. ఆ ఏడాది అక్టోబరులో సంపుటి వెలువడింది. డిసెంబరు 6న ఆర్బిసన్ కన్నుమూశాడు. తరువాత తీసిన దృశ్యగీతంలో ఆయన పాడవలసిన చోట ఊగే కుర్చీని, అందులో గిటారును చూపించారు.

వారు సంపన్నులు, గ్యారేజీలో కూర్చున్నా లోకం తలుపు తట్టింది. మన దేశంలో ఇలాంటి పని చేసినవారికి ఆ భాగ్యం లేదు. వారి సంగతి తెలియాలంటే కలకత్తా వెళ్ళాలి.

1960ల చివర, 70ల ఆరంభంలో కలకత్తా పార్క్ స్ట్రీటు భోజనశాలలలో రాత్రిపూట బ్యాండ్లు వాయించేవి. ట్రింకాస్ వంటి చోట్లకు వచ్చినవారు భోజనంతోపాటు ఆంగ్ల గీతాలు వినేవారు. ఉషా ఉతుప్ గొంతు ఆ నగరానికి పరిచయమైనది అక్కడే. అక్కడి వాద్యకారులకు జీతముండేది. కాని జీతమిచ్చేవాడికీ, వినేవాడికీ కావలసినది తెలిసిన పాట. అదే కాలంలో ఒక సిగరెట్టు పేరిట సిమ్లా బీట్ అనే పోటీ జరిగేది. 1970, 71 సంవత్సరాల పోటీల పాటలు రికార్డులుగా వచ్చాయి. కలకత్తాకు చెందిన గ్రేట్ బేర్ బృందం పాట అందులో ఉన్నది. ఆ బృందం చెదిరిన పిమ్మట దిలీప్ బాలకృష్ణన్, నందన్ బాగ్చీ మొదలైనవారు 1974 ప్రాంతంలో "హై" అనే మరొక బృందాన్ని నిలబెట్టారు. బాలకృష్ణన్ సొంతంగా పాటలు కట్టినవాడు. 1990లో చనిపోయాడు.

ఆ నగరంలో బ్యాండ్ల పేర్లు మారుతూ వచ్చాయి. మనుషులు మాత్రం చాలావరకు వారే. ఎనభైలలో శివ అనే బృందంలో వాయించిన గిటారిస్టు అమిత్ దత్త, గాయని జయశ్రీ సింగ్, బేసు గిటారు వాయించే జ్ఞాన్ సింగ్ – వీరు 1996లో స్కినీ ఆలీ అనే కొత్త బ్యాండు ప్రారంభించారు. అప్పటికే ఎవరూ పసివారు కారు. పార్క్ స్ట్రీటు వేదికలు చూసి, ఇతరుల పాటలు కొన్ని వందలసార్లు వాయించి ఆరితేరినవారు. సొంత పాటలతో 2003లో మొదటి సంపుటి తెచ్చారు. అంతటితో ఊరుకోలేదు. మరికొంత కాలానికి అదే ముగ్గురూ పింక్ నాయిజ్ అని ఇంకొక పేరుతో, మరింత జటిలమైన సంగీతంతో మళ్ళీ మొదలుపెట్టారు. ఉన్న పేరు మీదనే ఆ సంగీతం వాయించవచ్చు గదా అని మనకు తోస్తుంది. కాని పాత పేరుకు శ్రోత ఉంటాడు. ఆ శ్రోత పాత పాట అడుగుతాడు. కొత్త పేరుకు అడిగేవాడు లేడు. ఆ స్వేచ్ఛ కోసమే, ఎన్నో ఏళ్ళు కష్టపడి సంపాదించిన గుర్తింపును వారు చేతులారా పక్కన పెట్టారని నాకు తోస్తుంది. పింక్ నాయిజ్‌లో డ్రమ్ములు వాయించినది జీవరాజ్ సింగ్. జయశ్రీ, జ్ఞాన్ దంపతుల కుమారుడు. తల్లి పాడుతుండగా, తండ్రి బేసు వాయిస్తుండగా, కొడుకు నడక నిలిపాడు. ఇంట్లో ఎవరి మాట చెల్లుబాటయ్యేదో గాని, వేదిక మీద మాత్రం ఇద్దరూ కుమారుని లెక్కకు లోబడవలసినదే.

షిల్లాంగులో మరొక రకంగా జరిగింది. లూ మజావ్ వంటివారితో కలిసి గ్రేట్ సొసైటీ బృందంలో వాయించి పేరు తెచ్చుకొన్న రూడీ వాలాంగ్, 2003లో తనకంటే ఎంతో చిన్నదైన గాయని తిప్రితి ఖర్‌బంగార్‌తో కలిసి సోల్‌మేట్ అనే బ్లూస్ బృందం ప్రారంభించాడు. 2007లో వారు అమెరికాలోని మెంఫిస్ నగరంలో జరిగే అంతర్జాతీయ బ్లూస్ పోటీకి వెళ్ళారు. నల్లవారి దుఃఖం నుండి పుట్టిన సంగీతాన్ని ఖాసీ కొండల నుండి తీసుకొనిపోయి, అది పుట్టిన నేల మీదనే వినిపించడం సాహసమే మరి.

ఇక మన వైపు చూస్తే, తెలుగువారికి ఇలాంటి బృందం ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న వస్తుంది. వాద్యకారులు లేక కాదు. వారంతా మద్రాసులో ఉన్నారు. సినిమాకు రాకముందు, వచ్చిన కొత్తలో, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఒక లలితసంగీత బృందానికి నాయకుడు. అందులో గిటారు, ఆ తరువాత హార్మోనియం వాయించినవాడు ఇళయరాజా; ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా అందులోనివారే. ఒక తెలుగు యువకుడు, ముగ్గురు తమిళ సోదరులు ఊరూరా తిరిగి వాయించిన ఆ బృందం అలాగే సాగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం సరదాగానే ఉంటుంది. సినిమా వారిని వేరువేరు సింహాసనాల మీద కూర్చోబెట్టింది. ఎనభైలలో కుర్రవాడైన ఎ.ఆర్. రహమాన్ తన మిత్రులు శివమణి, జాన్ ఆంటొనీ మొదలైనవారితో రూట్స్ అనే బృందంలో కీబోర్డు వాయించాడు. నెమిసిస్ ఎవెన్యూ అనే రాక్ బృందం కూడా నడిపాడు. అదే చేతులు పగలు రమేశ్ నాయుడు గారికీ, రాజ్–కోటి జంటకూ రికార్డింగులలో వాయించేవి. మద్రాసు స్టూడియోల కాల్‌షీటు పద్ధతి తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. ఉదయం ఒకరి పాట, మధ్యాహ్నం మరొకరి పాట. స్వరలిపి ముందు పెడితే తప్పు లేకుండా వాయించి, డబ్బు పుచ్చుకొని ఇంటికి పోవాలి. పాట కోట్లమంది వింటారు. గిటారు వాయించినదెవరో ఒక్కరికీ తెలియదు.

ఈ స్థితి నాకు కొంత సన్నిహితమైనది. అనువాదం నా వృత్తి. ఇరవై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలను నా భాషలోకి తెచ్చి బతుకుతున్నాను. ఇతరుల పాటను వాయించేవాడూ అనువాదకుడే. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. మూలం చెడకుండా చేతులు మార్చడం చిన్న విద్య కాదు. అయితే అందులో ఒక బాధ ఉన్నది. ఇరవై ఏళ్ళు ఆ పని చేసినవాడికి తన సొంత వాక్యం ఎలా ఉంటుందో తనకే తెలియకుండా పోతుంది. తొంభైల తరువాత కీబోర్డు, కంప్యూటరు కలిసి పెద్ద వాద్యబృందాల అవసరాన్ని తగ్గించినప్పుడు, కాల్‌షీట్లు తగ్గిన వాద్యకారునికి రెండే దారులు మిగిలాయి. ఒకటి పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో పాత పాటలు వాయించడం. రెండవది, తనలాంటి మరి ముగ్గురిని వెతుక్కొని, ఎవరూ అడగని పాటను ఎవరూ డబ్బు ఇవ్వని చోట వాయించడం. రెండవ దారి పట్టినవానిని ఇంటివారు పిచ్చివాడంటే తప్పు పట్టలేము. పిల్లల చదువులు, ఇంటి అద్దె ఆ పాట కోసం ఆగవు.

అలా చేరినవారి మొదటి కష్టం వేళ్ళలో ఉండదు, చెవిలో ఉంటుంది. మాటవరుసకు అనడం కాదు. వృత్తిరక్షణ నిపుణులు 85 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ కాలం సగానికి సగం తరుగుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్ల వద్ద పావుగంటే. సిమెంటు గోడల గదిలో డ్రమ్ములు, రెండు గిటారు యాంప్లిఫయర్లు కలిస్తే ఆ హద్దు దాటడం ఎంతసేపు? "ద హూ" బృందపు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతిని ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. ఇరవయ్యేళ్ళవాడికి ఈ లెక్క చెబితే నవ్వుతాడు. నలభై అయిదేళ్ళవాడు చెవిలో దూది పెట్టుకొని వస్తాడు – దూది చాలదు, అందుకని తయారైన చెవిబిరడాలు వాడాలి – వచ్చి, శబ్దం తగ్గించమంటాడు. చిత్రమేమంటే శబ్దం తగ్గిస్తే ఒకరి వాద్యం మరొకరికి వినబడుతుంది. వినబడితే, ఎక్కడ వాయించకూడదో తెలుస్తుంది. ఖాళీ కనిపించిన చోటల్లా నింపడం పిల్లల లక్షణం. అనుభవజ్ఞులు కలిసిన బృందం బాగున్నదంటే, ముఖ్యంగా వారు వదిలిపెట్టిన స్వరాల వల్లనే బాగుంటుంది.

రెండవ కష్టం భాష. ఇది నాకు ఇష్టమైన విషయం కనుక పాఠకులు కొంచెం ఓర్చుకోవాలి. రాక్ సంగీతపు నడక నాలుగు లెక్కలది. డ్రమ్ముల దెబ్బ రెండవ లెక్క మీద, నాలుగవ లెక్క మీద పడుతుంది. మన చెవి మొదటి లెక్కకే బరువిస్తుంది. మన సభలలో చప్పట్లు పడేచోటు గమనిస్తే ఈ తేడా తెలిసిపోతుంది. పైగా ఆంగ్లంలో నిత్యవ్యవహారపు మాటలు చాలావరకు ఒక్క అక్షరంతో, హల్లుతో ఠక్కున ముగుస్తాయి. ఆ హల్లు సరిగ్గా డ్రమ్ము దెబ్బతో కలిసి పగులుతుంది. తెలుగు అజంత భాష. "నైట్" అన్న ఒక్క దెబ్బకు "రాత్రి" అని రెండు కావాలి. "లవ్" అంటే తీరిపోయేది "ప్రేమ" అని సాగుతుంది. "గో" అన్నదానికి "వెళ్ళిపో" అని మూడు. రాగానికి వరమైన ఈ అచ్చు రాక్‌కు అడ్డం వస్తుంది. అందుచేతనే ఆంగ్ల గీతాన్ని అదే వరుసలో తెలుగు చేయబూనినవారు సగం దారిలో ఊపిరాడక ఆగిపోతారు.

ఆ మాట నిజమే గాని, అక్కడే ఆగితే పొరపాటు. తెలుగులో ద్విత్వమున్నది. చెట్టు, గట్టు, పిట్ట, దెబ్బ – మాట చివర కాకపోయినా మధ్యలో డప్పు మోగుతుంది. మన జానపదులకు ఇది ఏనాడో తెలుసు. వారి పాట నడక ఆ జంట హల్లు మీదనే గంతు వేస్తుంది. హైదరాబాదు చౌరస్తా బృందం జమైకా ద్వీపపు రెగ్గే నడకలో తెలుగు పల్లెమాటను కూర్చోబెట్టగలిగిందంటే ఈ ఒడుపు పట్టుకోవడం వల్లనే. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తరువాత సినిమాకు వెళ్ళి, 2022లో వచ్చిన "డీజే టిల్లు" చిత్రానికి పేరుపాట కట్టి పాడారు. సినిమా మళ్ళీ ఒకరిని తీసుకొన్నదని నిట్టూర్చేవారున్నారు. నేను నిట్టూర్చను, కాల్‌షీటు రోజులకూ నేటికీ ఇంత తేడా వచ్చింది, పాడినవాని పేరు ఇప్పుడు జనానికి తెలుసు.

మాతృభాష కానివారు సైతం ఈ పరీక్షకు నిలిచారు. విల్లియనూరుకు దూరం కాని ఆరోవిల్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే కృష్ణా మెకెంజీ ఇంగ్లండులో పుట్టినవాడు. ఎమర్జెన్స్ అనే తన బృందంతో తమిళంలో పాడతాడు. పొలంలో కూలీలతో, పొరుగువారితో మాట్లాడి నేర్చిన తమిళమది. గ్రాంథికుల చెవికి ఎలా ఉన్నా, గిటారు మీద చక్కగా కూర్చుంటుంది. బెంగాలీలో ఈ పని 1975లోనే మొదలైంది. గౌతమ్ చట్టోపాధ్యాయ్, మిత్రులు కలిసి, జీవనానంద దాసు కవితలోని గుర్రాలను తలచుకొని మొహీనేర్ ఘోడాగులి అని బృందానికి పేరు పెట్టారు. ఆ రోజులలో వినేవారు కరువయ్యారు. ఎనభైల ఆరంభానికే బృందం చెదిరింది. ఇరవై ఏళ్ళ తరువాత, 1995లో, గౌతమ్ పూనికతో కొత్త గొంతులతో సంపుటి వెలువడినప్పుడు గాని బెంగాలు యువతరం వారిని తలకెత్తుకోలేదు. 1999లో గౌతమ్ మరణించాడు.

పుదుచ్చేరి ప్రాంతం ఇలాంటి బృందాలకు తగిన నేల అని నాకు చాలాకాలంగా ఒక ఊహ. ఒకే పాలన కింద ఇక్కడ తమిళం, గోదావరి ఒడ్డున యానాంలో తెలుగు, పడమటి తీరాన మాహేలో మలయాళం. వీటి మీద ఫ్రెంచి నీడ. ఒక డ్రమ్ముల విద్వాంసుడు ఒక భాషలో లెక్క పెట్టుకొంటే, పాడేవాడు మరొక భాషలో ఊపిరి తీసుకోవచ్చు. 1982లో ఫ్రాన్సులో మొదలైన సంగీత దినోత్సవాన్ని ఏటా జూన్ 21 ప్రాంతంలో పుదుచ్చేరిలో కూడా జరుపుతారు. టిక్కెట్టు లేదు. వృత్తివారూ, ఔత్సాహికులూ వీధిలోకి వచ్చి వాయిస్తారు. కొత్త పేరు పెట్టుకొన్న పాతవారికి ఇంతకంటె తగిన వేదిక దొరకదు: ఎవరూ డబ్బు ఇవ్వలేదు గనుక ఎవరూ తెలిసిన పాట అడిగే హక్కుతో రారు. అయినా ఎవరో ఒకరు సినిమా పాట అడుగుతారు. అడిగినప్పుడు ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. ఏ పాటైనా ఇట్టే వాయించగల చేతులవి. అక్కడ ఆ చేతులు తీగల మీద కదలకుండా ఉండి, డ్రమ్ముల వాడు తమ పాటకు లెక్క మొదలుపెడితే, ఆ బ్యాండు పుట్టినట్టు.